కోర్ డంప్ – ఒక మరణవాఙ్మూలం కథ



2012వ సంవత్సరం వేసవి. అప్పటికి నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను. మా గురువుగారు స్వర్గస్థులై పదేళ్లు దాటింది. ఆయన స్వహస్తంతో రాసుకున్న రెండు నోటుపుస్తకాలు నా దగ్గర ఉండిపోయాయి. అచ్చుకెక్కని శతకం ఒకటి, కొన్ని చాటువులు, పద్నాలుగు పుటల దండకం ఒకటి. కాగితం అంచులు ముట్టుకుంటే పొడి రాలుతున్నది. ఆ సెలవుల్లో పట్టుబట్టి కూర్చుని అక్షరమక్షరం యూనికోడులోకి ఎక్కించాను. నా పూర్వవిద్యార్థి ఒకడు, అప్పటికి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నవాడు, తాను అద్దెకు తీసుకున్న లినక్సు సర్వరు మీద వాటికొక గూడు కట్టిపెట్టాడు. అంతటితో ఆగక, ఏ పద్యాన్ని తెరిచినా దాని అక్షరాలను విడదీసి, గురులఘువులను గుర్తించి చూపే చిన్న ప్రోగ్రామును కూడా పీహెచ్‌పీలో రాసి తగిలించాడు.

శతకం చక్కగా తెరుచుకుంది. చాటువులూ తెరుచుకున్నాయి. దండకం మాత్రం తెరుచుకోలేదు. నొక్కితే తెల్లకాగితం. మళ్లీ నొక్కితే మళ్లీ తెల్లకాగితం.

ఫోనులో మావాడు, "మాస్టారూ, సర్వరు లాగులో ఒక్కటే వాక్యం ఉంది. ఫలానా నంబరు గల పిల్ల ప్రాసెస్ సెగ్మెంటేషన్ ఫాల్ట్ వల్ల పోయింది, సంకేతం పదకొండు, అని. అంతకుమించి ఏమీ లేదు" అన్నాడు. మరణవార్త ఉన్నది, మరణకారణం లేదు. నేను దండకాన్ని మళ్లీ మొదటినుండి సరిచూశాను. వాడు సర్వరుకు మెమరీ పెంచాడు. సాఫ్ట్‌వేరును తాజా పరిచాడు. వారం గడిచింది. చివరకు విసిగి, "ఆ ఒక్క పేజీ తీసేద్దాం మాస్టారూ, మిగతావన్నీ బాగానే ఉన్నాయి కదా" అన్నాడు.

నాకు మనసొప్పలేదు. గురువుగారు శతకం యౌవనంలో రాశారు. దండకం చివరి రోజుల్లో, చూపు మందగించిన తరువాత రాసుకున్నది. నోటుపుస్తకం ఎన్నాళ్లో ఉండదు. "ఎందుకు పోయిందో తెలుసుకోకుండా దహనం చేయడమేమిటి నాయనా?" అన్నాను. కొంచెంసేపు మౌనంగా ఉండి, "అయితే కోర్ డంప్ తీయించాలి మాస్టారూ" అన్నాడు.

కోర్ అంటే ఏమిటని అడిగాను. "మెమరీ అండీ" అన్నాడు. మెమరీని కోర్ అని ఎందుకంటారని అడిగాను. వాడు చెప్పలేకపోయాడు. పదానికి వ్యుత్పత్తి తెలియనిదే ముందుకు కదలని వృత్తి మాది. ఆ రాత్రే వెతకడం మొదలుపెట్టాను. ఆ అన్వేషణలో తెలిసింది, తరువాతి సంవత్సరాలలో దానికి చేర్చుకున్నది, ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఉంగరాల నేత

కోర్ అన్నది పూర్వం ఒక వస్తువు పేరు. ఫెరైట్ అనే అయస్కాంత పదార్థంతో చేసిన చిన్న ఉంగరం అది. దానిని ఒక దిక్కుగా అయస్కాంతీకరిస్తే ఒకటి, ఎదురు దిక్కుగా అయితే సున్న. హార్వర్డులో పనిచేస్తుండిన ఆన్ వాంగ్ 1949లో ఈ విధమైన స్మృతికి పేటెంటు కోరాడు. అది 1955లో మంజూరైంది. మరుసటి ఏడు దానిని ఐబీఎంకు అయిదు లక్షల డాలర్లకు అమ్మాడు. ఈ ఉంగరాలను నిలువు, అడ్డ తీగల కూడళ్లలో కూర్చి పెద్ద స్మృతిఫలకంగా చేసే పద్ధతిని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జే ఫారెస్టర్ బృందం అభివృద్ధి చేసింది. 1953లో వర్ల్‌విండ్ అనే కంప్యూటరులో అది పనికి వచ్చింది. ఆ తరువాత దాదాపు ఇరవై ఏళ్లు కంప్యూటరు స్మృతి అంటే ఈ ఉంగరాలే. సన్నని తీగలను ఉంగరాలలోనుంచి దూర్చి ఈ ఫలకాలను చేత్తో నేసినవారు ఎక్కువగా స్త్రీలు. మగ్గం మీద పడుగుపేకలు చూసినవారికి ఆ ఫలకపు ఛాయాచిత్రం కొత్తగా తోచదు.

ఈ స్మృతికి రెండు గుణాలున్నాయి. విద్యుత్తు ఆగిపోయినా ఉంగరం తన దిక్కును మరచిపోదు. అయితే దానిని చదవడమంటే చెరపడమే. చదవగానే సున్న అవుతుంది, చదివిన విలువను యంత్రం వెంటనే తిరిగి రాయాలి. మొదటి గుణం మన కథకు ముఖ్యం. ప్రోగ్రాము నడుమన యంత్రం స్తంభించిపోయినా ఆ క్షణాన స్మృతిలో ఏమున్నదో అది ఉన్నట్టే ఉండేది. ఆ మొత్తాన్ని అంకెల రూపంలో కాగితం మీద అచ్చొత్తించేవారు. దాని పేరే కోర్ డంప్. డంప్ అంటే గుమ్మరింపు. ఉంగరాలలోనిదంతా కాగితాల మీద గుమ్మరించి, ప్రోగ్రామరు ఎర్రసిరా కలంతో కూర్చుని తప్పు ఎక్కడ పుట్టిందో వెతుక్కునేవాడు.

1970లో ఇంటెల్ సంస్థ 1103 అనే సిలికాన్ స్మృతిని అమ్మకానికి పెట్టింది. కొద్ది ఏళ్లలోనే ఉంగరాల నేత మూలబడింది. వస్తువు పోయింది, పేరు మిగిలింది. మన భాషలోనూ ఇది కొత్త కాదు. ఘంటం పోయి ఎన్ని తరాలైనా రచయిత "ఘంటం పట్టాడు" అనే రాస్తున్నాం కదా.

యూనిక్సులో శవపంచనామా

బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో యూనిక్సుకు శ్రీకారం చుట్టారు. 1971 నవంబరు 3 తేదీతో వెలువడిన దాని మొదటి కరదీపికలోనే కోర్ అనే ఫైలు వివరణ ఉన్నది. ప్రోగ్రాము చేయరాని పని చేసి పట్టుబడితే, దాని స్మృతిచిత్రాన్ని యంత్రం ఆ సంచయంలోనే కోర్ అనే పేరుతో రాసిపెడుతుంది. దానిని విప్పి చూడడానికి డీబీ అనే పరిశోధక పరికరం కూడా అదే కరదీపికలో ఉన్నది. మరణవాఙ్మూలమూ, దానిని చదివే విధానమూ కవలలుగా పుట్టాయన్నమాట.

ఇక్కడ మారినదేమిటో గమనించాలి. వెనకటి యంత్రంలో ఒక్క ప్రోగ్రాము చస్తే యంత్రమంతా నిలిచిపోయేది. యూనిక్సులో ఒకే యంత్రం మీద పలువురి ప్రోగ్రాములు నడుస్తుంటాయి. ఒకటి చచ్చినా మిగతావి ఆగవు. కనుక శవాన్ని పక్కకు తీసి భద్రపరచాలి, లోకం తనదారిన సాగాలి. కోర్ ఫైలు చేసినది అదే. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ జీడీబీ అనే పరిశోధకాన్ని రాశాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును లోకానికి చూపాడు. ఆ రెండూ కలిసిన నాటినుండి లినక్సు మీద శవపంచనామా అంటే జీడీబీయే.

అయితే సుఖంగా సాగలేదు. కోర్ ఫైళ్లు డిస్కును నింపేసేవి. ఎవరికీ అక్కరలేని స్మృతిచిత్రాలు మూలమూలలా పేరుకుపోయేవి. పెద్ద యంత్రాల నిర్వాహకులు రాత్రిపూట వెతికి వాటిని తుడిచేసేవారు. అందుకే ఒక పరిమితి పెట్టారు. ఇంతకు మించిన కోర్ ఫైలు రాయవద్దని ప్రాసెస్‌కు ముందే చెప్పవచ్చు. ఆ పరిమితిని సున్నగా పెడితే ఏమీ రాయదు. అనేక లినక్సు పంపిణీలలో మామూలుగా ఉండేది ఆ సున్నయే. మా సర్వరులోనూ అదే. మొదటి తలుపు అక్కడ మూసుకుంది.

వెబ్ సర్వరు నోరెందుకు మెదపదు?

రెండవ తలుపుకు చరిత్ర ఎక్కువ. మా సర్వరు మీద నడిచినది అపాచీ. అమెరికాలోని ఎన్‌సీఎస్ఏ అనే సంస్థ వెబ్ సర్వరుకు దిద్దుబాట్లు చేసుకుంటూ వచ్చిన కొందరు ఒకచోట చేరి 1995 ఏప్రిల్‌లో దాని తొలి విడుదల చేశారు. అతుకుల సర్వరు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు శ్లేషనుండి ఆ పేరు వచ్చిందని ఒక కథ బాగా ప్రచారమైంది. అమెరికా ఆదివాసి జాతి పట్ల గౌరవంతో పెట్టినదని తరువాత ఆ సంస్థ చెప్పింది. జానపద నిరుక్తులు మన ఊళ్ల పేర్లకే పరిమితం కావని ఇక్కడ తెలుస్తుంది.

యూనిక్సు సంప్రదాయం ప్రకారం 1024 కంటె చిన్న నంబరు గల ద్వారాలను తెరిచే అధికారం రూట్ అనే సర్వాధికారికే ఉండేది. వెబ్ సర్వరు కూర్చునే ద్వారం 80. కనుక అపాచీ రూట్‌గా పుట్టి, ద్వారం తెరిచి, పిల్ల ప్రాసెస్‌లను కని, ఆ పిల్లలకు మాత్రం అధికారాలన్నీ తీసివేసి సామాన్య వాడుకరిగా మారుస్తుంది. బయటినుంచి వచ్చేవారికి సేవ చేసేది ఈ నిరధికారులైన పిల్లలే. ఒక పిల్ల చస్తే తల్లి లాగులో ఒక వాక్యం రాసి, మరో పిల్లను కంటుంది. మాకు కనబడిన ఆ ఒక్క వాక్యం తల్లి రాసినది. చచ్చిన పిల్ల ఏమీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? ఒకప్పుడు అధికారం ఉండి తరువాత వదులుకున్న ప్రాసెస్‌ను లినక్సు కెర్నల్ కోర్ రాయనివ్వదు. దీనికి కారణం ఉన్నది. అలాంటి ప్రాసెస్ తన స్మృతిలో రహస్యాలు మోస్తూ ఉండవచ్చు. 1990 దశకంలో కొన్ని యూనిక్సు యంత్రాల మీద ఫైళ్లు అందించే ఎఫ్‌టీపీ సర్వరును బయటివారు కావాలనే చంపేవారు. అది రాసిపెట్టిన కోర్ ఫైలును తెరిచి, అందులో మిగిలిపోయిన సంకేతపదాల గూఢరూపాలను ఏరుకునేవారు. మరణవాఙ్మూలం దొంగల చేతిలో పడిందన్నమాట. కనుకనే కెర్నల్ రాసినవారు, సందేహం ఉన్నచోట సాక్షి మౌనంగా చావడమే మేలని నిర్ణయించారు.

ఆ నిర్ణయంతో వెబ్ సర్వరు నిర్వాహకుడి చేతులు కట్టుబడ్డాయి. అపాచీ పిల్లలన్నీ అధికారం వదులుకున్నవే కనుక ఏ ఒక్కటీ వాఙ్మూలం ఇవ్వలేదు. 2003లో వచ్చిన అపాచీ 2.0.46 దీనికి మధ్యేమార్గం కనిపెట్టింది. నిర్వాహకుడు అమరిక ఫైలులో కోర్ డంప్ డైరెక్టరీ అనే ఆదేశాన్ని తానై, స్పష్టంగా రాస్తేనే పిల్ల ప్రాసెస్ కెర్నల్‌తో "నన్ను రాయనివ్వు" అని విన్నవించుకుంటుంది. రాయకపోతే పాత మౌనమే. ఈ స్వభావం నాకు నచ్చింది. తలుపు ఉన్నది, తాళం నీ చేతిలో ఉన్నది, తీసిన బాధ్యతా నీదే.

మేము తలుపులు తీసిన క్రమం

మావాడు చేసిన పనులు నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. మొదట యులిమిట్ అనే ఆదేశంతో కోర్ ఫైలు పరిమితిని సున్ననుండి అపరిమితానికి మార్చాడు. ఆ మార్పును తన తెరలో చేస్తే చాలదు. అపాచీని లేపే స్క్రిప్టులోనే చేయాలి, ఎందుకంటే పరిమితి తల్లినుండి పిల్లలకు వారసత్వంగా వచ్చేది. తరువాత ఒక ఖాళీ సంచయం సృష్టించి, పిల్లలు నడిచే సామాన్య వాడుకరికి మాత్రమే అందులో రాసే, చదివే హక్కు ఇచ్చాడు. దాని పేరును కోర్ డంప్ డైరెక్టరీ ఆదేశంలో రాశాడు. సర్వరును పూర్తిగా ఆపి మళ్లీ లేపాడు. ఊరికే అమరికలను తిరిగి చదివిస్తే పాత పరిమితితో ఉన్న తల్లే కొనసాగుతుంది.

నేను తెనాలినుండి దండకం నొక్కాను. తెల్లకాగితం. లాగులో మరణవార్త. సంచయంలో మాత్రం ఏమీ లేదు.

రెండు రోజులు తల పట్టుకున్న తరువాత వాడికి తట్టింది. ఆ సంచయంలోకి వెళ్లే పని కెర్నల్‌ది కాదు, చచ్చే ప్రాసెస్‌దే. ప్రాణం పోయే ముందు అపాచీలోని ఒక చిన్న భాగం లేచి, ఆ సంచయంలోకి అడుగుపెట్టి, అప్పుడు చస్తుంది. ఆ చిన్న భాగం నడవడానికి కొంచెం స్టాక్ కావాలి. స్టాక్ అంటే దొంతర. ప్రోగ్రాములో ఒక పని మరొక పనిని పిలిచినప్పుడల్లా తిరిగి రావలసిన చోటును గుర్తుపెట్టుకునే స్థలం. "స్టాకే అయిపోయి చస్తుంటే ఆ అడుగు కూడా వేయలేదు మాస్టారూ! అది రూట్ సంచయంలోనే నిలబడి చస్తోంది. అక్కడ రాసే హక్కు దానికి లేదు" అన్నాడు. వీలునామా రాద్దామనుకున్నవాడికి కాగితమే లేకపోయింది. ఆ వైఫల్యమే మాకు మొదటి ఆనవాలు. సంచయం ఖాళీగా ఉండడమే, పోయినది దొంతర పొంగి పోయిందని చెప్పకనే చెప్పింది.

అప్పుడు మూడవ తలుపు తీశాడు. కోర్ ఫైలుకు ఏ పేరు, ఏ చోటు అని కెర్నల్‌కు చెప్పే కోర్ ప్యాటర్న్ అనే అమరిక ఉన్నది. అందులో సంచయం పూర్తి మార్గాన్ని, చివర ప్రాసెస్ నంబరు వచ్చేలా రాశాడు. ఇక చచ్చేవాడు కదలనక్కరలేదు, కెర్నలే తెచ్చి అక్కడ పెడుతుంది. మళ్లీ దండకం నొక్కాను. ఈసారి సంచయంలో నలభై మెగాబైట్లకు పైబడిన ఫైలొకటి ప్రత్యక్షమైంది.

చదవడం

ఆ వారాంతంలో వాడు తెనాలి వచ్చాడు. మా ఇంటి వరండాలో ల్యాప్‌టాప్ తెరిచి జీడీబీకి రెండు వస్తువులు ఇచ్చాడు. ఒకటి అపాచీ ప్రోగ్రాము, రెండవది కోర్ ఫైలు. పంపిణీదారులు ప్రోగ్రాములలోని పేర్లపట్టికను తీసివేసి చిన్నవి చేసి ఇస్తారట. అది లేకుంటే అన్నీ అంకెలే. ఆ పట్టికను విడిగా తెచ్చి పెట్టాడు. తరువాత బ్యాక్‌ట్రేస్ ఆదేశం ఇచ్చాడు. చివరి క్షణాన ఏ పని ఏ పనిని పిలిచిందో వరుసగా చూపే ఆదేశం అది.

తెర నిండా ఒకటే పేరు. మ్యాచ్, మ్యాచ్, మ్యాచ్. తెర తరువాత తెర. వరుస సంఖ్య పదిహేను వేలు దాటింది. అంతా దాటి అడుగుకు చేరితే పీహెచ్‌పీ, దాని కింద అపాచీ. మ్యాచ్ అన్నది పీసీఆర్ఈ అనే గ్రంథాలయంలోని పని. నమూనాతో పాఠాన్ని సరిపోల్చడం దాని వృత్తి. మావాడు అక్షరాలను విడదీయడానికి ఒక నమూనా రాశాడు: ఒక హల్లు, దానికి ఒత్తులు ఉంటే ఒత్తులు, గుణింతం ఉంటే గుణింతం, ఇలాంటివి ఎన్నైనా. ఆనాటి పీసీఆర్ఈ ఒక్కొక్క అక్షరానికి తన్ను తాను మళ్లీ పిలుచుకునేది. పిలిచిన ప్రతిసారీ దొంతరలో సుమారు అయిదు వందల బైట్లు. దొంతర మామూలు పరిమితి ఎనిమిది మెగాబైట్లు. భాగించి చూస్తే పదహారు వేల పిలుపుల దగ్గర నిండుతుంది. సరిగ్గా అక్కడే చచ్చింది.

పద్యమైతే నాలుగు పాదాలు. ఎంత దీర్ఘవృత్తమైనా వంద అక్షరాలకు అటూఇటూ. దండకానికి పాదనియమం లేదు. సాధారణంగా తగణాల మీద పరుగెత్తి, చివర గురువు మీద ఆగుతుంది. ఎంత పొడుగన్నది కవి ఊపిరిని బట్టి. పాదాలు లేనిదాన్ని విరవరాదు కనుక పద్నాలుగు పుటలనూ ఒకే పంక్తిగా కొట్టాను. ఛందశ్శాస్త్రం ప్రకారం నేను చేసినది ఒప్పే. వాడి నమూనా కూడా తర్కం ప్రకారం ఒప్పే. రెండు ఒప్పుల నడుమ దొంతర పొంగింది. మేము వారం రోజులు నా టైపింగునీ, సర్వరు అద్దెకిచ్చినవారినీ అనుమానించాం. వాఙ్మూలం అందరినీ నిర్దోషులను చేసింది.

ఆ ఫైలులో దండకం ఎక్కడున్నదో చూపమన్నాను. జీడీబీ ఆ స్థలాన్ని అచ్చొత్తింది. తెలుగు లిపి లేదు. 340, 260, 205 ఇలాంటి అంకెలు బారులు తీరి ఉన్నాయి. యూనికోడు యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరానికి మూడు బైట్లు. వాటిని జీడీబీ అష్టాంశమానంలో చూపుతున్నది. ఆ మూడు అంకెలూ కలిస్తే "అ". యూనిక్సు తొలినాళ్లలో డంపులను చదివినది కూడా ఈ అష్టాంశమానంలోనే. గురువుగారి అక్షరాలు ఆ అంకెల్లో బారులు తీరడం చూసి కాసేపు మాట్లాడలేకపోయాను.

చూడరానిది

ఇక్కడితో ఆపితే కథ సుఖాంతం. నేను కుతూహలం కొద్దీ, "ఇందులో ఇంకేమున్నాయి?" అని అడిగాను. వాడు ఫైలులోని రోమన్ అక్షరాల వరుసలను మాత్రం ఏరి చూపే స్ట్రింగ్స్ అనే ఆదేశం ఇచ్చాడు.

మొదట నా సంకేతపదం కనిపించింది. తెరచాటు లేకుండా, ఉన్నది ఉన్నట్టు. ఆ పూట ఉదయం నేను లోనికి వెళ్లినప్పుడు సేవ చేసినది కూడా ఆ పిల్ల ప్రాసెసేనట. మరికొంత కిందికి జరిపితే ఒక ఉత్తరం. మా గూటిలో పాఠకులు నాకు రాయడానికి ఒక పెట్టె ఉండేది. ఎవరో చదువరి రోమన్ లిపిలో తెలుగు రాసి పంపారు. ఇంటి విషయం, ఒక దుఃఖం. రెండు పంక్తులు చదివాక గాని అది నాకు రాసినదైనా మూడో మనిషి పక్కన ఉండగా చదవరానిదని గ్రహించలేకపోయాను. పక్కకు చూస్తే మావాడు అప్పటికే తల తిప్పుకున్నాడు. "మూసెయ్ నాయనా" అన్నాను.

తెలుగు లిపిలో రాసినవారి మాటలు అంకెల మాటున దాగాయి, రోమన్ లిపిలో రాసినవారివి బయటపడ్డాయి. అది రక్షణ కాదు, యాదృచ్ఛికం. చదవదలచినవాడికి అంకెలను అక్షరాలుగా మార్చడం ఎంతసేపు? ప్రోగ్రాము చచ్చిన క్షణాన స్మృతిలో ఏమున్నదో అదంతా కోర్ ఫైలులోకి వస్తుంది. దోషమొక్కటే రాదు. అంతకుముందు ఆ ప్రాసెస్ చేతులమీదుగా పోయినవాటిలో చెరిగిపోనివన్నీ వస్తాయి. కెర్నల్ ఎందుకు తలుపులు మూసిపెట్టిందో ఆ వరండాలో నాకు పూర్తిగా అర్థమైంది.

ఆ సాయంత్రమే వాడు నమూనాను తిరగరాశాడు. పాఠాన్ని ముక్కలుగా అందించేలా చేశాడు. పిలుపుల లోతుకు పీహెచ్‌పీలో పెట్టుకోగల హద్దును లక్షనుండి బాగా తగ్గించాడు. ఇక పొంగవలసి వస్తే చావదు, చేతకాదని చెబుతుంది. తరువాత కోర్ ఫైలును సర్వరులోనూ, ల్యాప్‌టాప్‌లోనూ చెరిపాడు. మూడు తలుపులనూ తిరిగి మూశాడు. నేను సంకేతపదం మార్చుకున్నాను. ఉత్తరం రాసినవారికి వేరుగా జవాబు రాశాను.

వాఙ్మూలమే ఆయుధమైతే

మేము పడిన సంకోచం అతిజాగ్రత్త కాదని చెప్పడానికి రెండు సంఘటనలు చాలు.

2006 జూలై 12న డెబియన్ ప్రాజెక్టు వారి గ్లక్ అనే సర్వరు పరుల వశమైనట్టు బయటపడింది. ఒక అభివృద్ధికారుడి ఖాతా ద్వారా ఎవరో లోపలికి వచ్చారు. అక్కడినుండి రూట్ కావడానికి వాడుకున్నది లినక్సు కెర్నల్‌లోని కోర్ డంప్ లోపం. 2.6.13నుండి కెర్నల్‌లో ఒక వెసులుబాటు ఉండేది. సామాన్య ప్రాసెస్ కూడా తన కోర్ ఫైలును రూట్ సొత్తుగా రాయించమని కోరవచ్చు. ఈ లోపంతో ఆడే ఆట ఇలా ఉంటుంది. నియమిత వేళలకు పనులు నడిపే క్రాన్ అనే సేవ ఆదేశాలు చదువుకునే సంచయంలోకి ప్రాసెస్‌ను తీసుకువెళ్లి చంపుతారు. సామాన్యుడు అక్కడ రాయలేడు, కాని రూట్ సొత్తైన కోర్ ఫైలు అక్కడ పడుతుంది. ఆ ప్రాసెస్ స్మృతిలో ముందే ఒక క్రాన్ ఆదేశపంక్తిని దాచి ఉంచుతారు. క్రాన్ ఆ ఫైలు తెరిచి, అర్థంకాని చెత్తనంతా దాటవేసి, అర్థమైన ఆ ఒక్క పంక్తిని రూట్ అధికారంతో నడుపుతుంది. చచ్చినవాడి వాఙ్మూలంలో ఒక రాజాజ్ఞను దూర్చడం వంటిది. 2.6.17.4, 2.6.16.24 కెర్నల్ విడుదలలతో ఆ లోపాన్ని పూడ్చారు.

రెండవది ఇటీవలిది. ఈ కాలపు పంపిణీలలో కోర్ ఫైళ్లు ఎక్కడపడితే అక్కడ పడవు. కెర్నల్ వాటిని నేరుగా ఒక కార్యకర్త చేతికి అందిస్తుంది. 2006 చివర వచ్చిన 2.6.19నుండి కోర్ ప్యాటర్న్‌కు ఆ శక్తి ఉన్నది. చాలాచోట్ల ఆ కార్యకర్త సిస్టమ్‌డీ కోర్‌డంప్, ఉబుంటులో అపోర్ట్. అవి ఫైలును ఒకచోట దాచి, ఎవరిది వారికే చూపుతాయి. ఇంత కట్టుదిట్టం చేసిన తరువాత కూడా, 2025 మే నెలలో క్వాలిస్ సంస్థ పరిశోధకులు ఆ రెండింటిలోనూ లోపాలు చూపారు. అధికారం గల ప్రాసెస్‌ను చంపి, అది పోయిన రెప్పపాటులో దాని నంబరుతో సామాన్య ప్రాసెస్‌ను నిలబెడితే, కార్యకర్త పొరపడి వాఙ్మూలాన్ని సామాన్యుడికి చూపుతుంది. అందులో సంకేతపదాల గూఢరూపాలు దొరుకుతాయని వారు నిరూపించారు. 1990 దశకంలో ఎఫ్‌టీపీ సర్వరునుండి దొంగలు ఏరుకున్నదీ అదే సరుకు.

చివరిమాట

కాలం మారింది. మా దండకాన్ని చంపిన పీసీఆర్ఈ తీరు కూడా మారింది. 2017లో వచ్చిన పీసీఆర్ఈ2 10.30లో సరిపోల్చే పనిని దొంతర మీద ఆధారపడకుండా తిరగరాశారు. ఈనాడు ఎవరైనా సొంత సర్వరు నడుపుతూ పిల్ల ప్రాసెస్ మరణవార్తలు చూస్తుంటే, వారికి నేను చెప్పగలిగింది స్వల్పం. పరిమితి, సంచయం, ప్యాటర్న్, ఈ మూడింటినీ చూడండి. కార్యకర్త ఉన్నచోట కోర్‌డంప్‌సీటీఎల్ ఆదేశం వాఙ్మూలాల జాబితా చూపుతుంది. అపాచీని సిస్టమ్‌డీ లేపుతున్నట్లయితే పరిమితిని దాని సేవాఫైలులోనే మార్చాలి. లాగులో ఒక్క వాక్యం చూసి పేజీ తీసేయకండి. వాఙ్మూలం తీయించండి, చదవండి, కారణం దొరకగానే చెరిపేయండి, తలుపు మూయండి. ఆ ఫైలును సాయం కోసం ఎవరికైనా పంపే ముందు, అందులో మీకు తెలియని మనుషుల మాటలు ఉంటాయని గుర్తుంచుకోండి. బ్యాక్‌ట్రేస్ పాఠం పంపితే చాలు. అదైనా ఒకసారి చదువుకొని పంపండి.

గురువుగారి నోటుపుస్తకం ఇప్పుడు విప్పితే ముక్కలవుతుంది. గుడ్డలో చుట్టి పెట్టాను. దండకం మాత్రం నొక్కగానే తెరుచుకుంటున్నది, తగణాలన్నీ వరుసగా గుర్తులు పెట్టుకొని, చివరి గురువు దాకా. ఎక్కడో ఒకచోట మూడు తగణాల తరువాత ఒక లఘువు ఎక్కువగా కనబడుతున్నది. అది ఆయన చూపు మందగించిన నాటి చేతిపొరపాటో, నా పొరపాటో తేల్చుకోవడానికి ఆ గుడ్డ మరొక్కసారి విప్పాలి.

స్వస్తి.